జమ్మిచెట్టు లేని ఊళ్ళో

తాళాల విషయంలో మా ఇంట్లో నాకో పేరుంది. వీధి తలుపుకి తాళం వేసి, మూడుసార్లు గుంజి చూసి, సందు చివరిదాకా వెళ్ళాక "తాళం వేశానంటారా?" అని మావారిని అడిగి, వెనక్కి వచ్చి నాలుగోసారి గుంజే రకాన్ని నేను. "ఆ తాళాన్ని దొంగ విరగ్గొట్టక్కర్లేదు, నీ గుంజుడికే ఏదో ఒకనాడు ఊడి చేతికొస్తుంది" అంటారాయన. ఈ గుంజుడు పుణ్యమా అని ఒకసారి రైలు కూడా తప్పిపోయింది. ఆ సంగతి ఇప్పటికీ నెలకోసారైనా గుర్తు చేస్తారు.

ఇంతకాలమూ తాళం అంటే నా సొమ్ము నా దగ్గరే ఉండడానికి వేసుకునేదనే అనుకున్నాను. మీరూ అంతే కదూ? బీరువాకి తాళం ఎందుకు? మన నాలుగు పట్టుచీరలూ, జత గాజులూ పోకుండా. వేసుకుంటే మన తెలివి, వేసుకోకపోతే మన ఖర్మ. పోతే ఏడ్చేది మనమే. మధ్యలో ఊళ్ళోవాళ్ళకేం సంబంధం?

2024లో ఆర్నెల్లు అమెరికాలో ఉండి వచ్చాను. ఆ అభిప్రాయాన్ని అక్కడే వదిలేసి వచ్చాను.

మా అమ్మాయీ అల్లుడూ టెక్సాస్ రాష్ట్రంలో, డల్లాస్ నగరానికి దగ్గర్లో ఉంటారు. మనవడికి ఆరేళ్ళు. నేను వెళ్ళిన కొత్తలో ఒకరోజు గుడికి బయల్దేరాం. అమ్మాయి కారు నడుపుతోంది, నేను పక్కన, వెనక సీట్లో వాడు. వాడికి జలుబు. ముక్కు తుడుద్దామని కాగితం రుమాళ్ళ కోసం నా ఎదురుగా ఉన్న అర తెరిచాను. కాగితాలున్నాయి, చాక్లెట్ తొక్కలున్నాయి, వాటి కింద చేతికి చల్లగా ఏదో తగిలింది. తీసి చూద్దును గదా, నల్లటి పిస్తోలు.

నేను అంతకుముందు దగ్గరగా చూసిన తుపాకీ ఒక్కటే. మా ఊరి బ్యాంకు గుమ్మంలో స్టూలు మీద కూర్చునే కాపలా ఆయన భుజానిది. అది పేలుతుందని ఆయనకే నమ్మకం ఉన్నట్టు కనపడదు. ఇది అలాంటిది కాదు. నా చెయ్యి అక్కడే ఆగిపోయింది. అమ్మాయి రోడ్డు మీంచి కళ్ళు తిప్పకుండా, గొంతు తగ్గించి, "అమ్మా, మూసెయ్యి, వాడు చూస్తాడు" అంది. మూసేశాను. గుళ్ళో దేవుడికి ఏం దణ్ణం పెట్టానో నాకు గుర్తులేదు.

ఆ రాత్రి అల్లుడు తనే చెప్పాడు. పగలు కంప్యూటర్ ఉద్యోగం, పైన స్నేహితుడితో కలిసి ఒక పెట్రోలు బంకూ, దాన్నంటుకున్న దుకాణమూ. వారానికి మూడు రాత్రులు దుకాణం కట్టేసి, డబ్బు సంచీతో ఒక్కడే చీకట్లో కారుదాకా నడిచి రావాలి. అంతకుముందు ఏడాది ఎవడో ముసుగు వేసుకుని వచ్చి, కౌంటర్లో ఉన్న కుర్రాడికి తుపాకీ చూపించి డబ్బు పట్టుకుపోయాడట. "ఆ కుర్రాడు మర్నాటినుంచి పనిలోకి రాలేదు అత్తయ్యగారూ. నాకు మానెయ్యడానికి వీల్లేదు" అన్నాడు. పిల్లవాడు గలవాడు, రాత్రి పన్నెండింటికి ఒంటరిగా నడిచేవాడు. ఆ భయాన్ని తేలిగ్గా తీసిపారేసే హక్కు నాకు లేదనిపించింది.

మన దేశంలో తుపాకీ కావాలంటే 1959 నాటి ఆయుధాల చట్టం కింద లైసెన్సు కావాలి. ఎన్నికలొచ్చాయంటే లైసెన్సుదారులు చాలామంది వాటిని పోలీసు స్టేషన్లో అప్పగించి రసీదు పుచ్చుకోవాలి. టెక్సాస్‌లో అలాక్కాదు. 2021 సెప్టెంబరు నుంచి 21 ఏళ్ళు నిండి, చట్టం నిషేధించనివాళ్ళు లైసెన్సు లేకుండానే పిస్తోలు వెంటపెట్టుకుని తిరగొచ్చు. మన పిల్లలు తాత్కాలిక వీసాల మీద ఉన్నన్నాళ్ళూ మామూలుగా వాళ్ళకి ఆ వీలు లేదు. గ్రీన్ కార్డు చేతికొస్తే ఆ తలుపూ తెరుచుకుంటుంది. మావాడికి అప్పటికే వచ్చింది. అంటే చట్టప్రకారం ఆయన చేసినదాంట్లో వంక పెట్టడానికేమీ లేదు.

నాకు అర్థం కానిది మరొకటి. కొన్నది ఒంటికి రక్షణగా, మరి ఉండేది కారులోనా? దానికీ కారణం ఉంది. పిల్లవాణ్ణి దింపడానికి వెళ్తే బడిలోకి దాన్ని తీసుకెళ్ళకూడదు. కోర్టులోకి తీసుకెళ్ళకూడదు. వద్దని బోర్డు పెట్టిన దుకాణంలోకి తీసుకెళ్ళకూడదు. పగటి ఉద్యోగం చేసే ఆఫీసులోకి అసలే కూడదు. ఇన్నిచోట్ల తీసి పెట్టి, మళ్ళీ తగిలించుకోవడం ఎవరివల్ల అవుతుంది? అందుకని అది కారులోనే కాపురం పెడుతుంది. ఎవరి ప్రాణం కాయడానికి కొన్నారో ఆ మనిషి లోపల ఉంటాడు, అది బయట నాలుగు అద్దాల పెట్టెలో ఉంటుంది.

ఆగస్టులో శ్రావణ శుక్రవారం వచ్చింది. స్నేహితులింట వరలక్ష్మీ వ్రతం, పేరంటం. తిరిగి వచ్చేసరికి బాగా పొద్దుపోయింది. మనవడు తండ్రి భుజమ్మీద నిద్రపోయాడు. అమ్మాయి చేతిలో ప్రసాదాల గిన్నెలు. నా చేతిలో కొంగు, చెప్పులు, నిద్రమత్తు. ఇంటి తలుపు దగ్గర నేను అలవాటు చొప్పున మూడుసార్లు గుంజాను. వాకిట్లో కారుకి తాళం బొత్తాము ఎవరూ నొక్కలేదు. కారు నా శాఖ కాదనుకున్నాను కాబోలు, నాకూ తోచలేదు.

తెల్లవారి చూస్తే కారు తలుపు ఓరగా ఉంది. వెనక సీట్లో తాంబూలం సంచీ అలాగే ఉంది, శనగలు ఒలికి ఉన్నాయి. అల్లుడి నల్ల కళ్ళద్దాలు ఎక్కడివక్కడే. అర తెరిచి ఉంది. కాగితం రుమాళ్ళున్నాయి. చాక్లెట్ తొక్కలున్నాయి. అది లేదు.

పోలీసు అతను వచ్చాడు. చిన్నవాడే, మర్యాదగా మాట్లాడాడు. రాత్రిళ్ళు కొందరు వీధి వెంబడి నడుస్తూ ప్రతి కారు తలుపూ లాగి చూస్తారట. తాళం ఉంటే పక్క కారుకి పోతారు, లేకపోతే లోపలికి చెయ్యి పెడతారు. ఇంతే విద్య. తుపాకీ మీద చెక్కిన సంఖ్య ఎంత అని అడిగాడు. అల్లుడికి తెలియదు. గరాజులో గంటసేపు వెతికితే కొన్ననాటి అట్టపెట్టె మీద దొరికింది. రాసుకుని, "దొరికితే ఫోన్ చేస్తాం" అని వెళ్ళిపోయాడు. పోయిందని చెప్పితీరాలన్న నిర్బంధం ఆ రాష్ట్రంలో లేదు. పెద్దవాళ్ళ కారులో తుపాకీని పెట్టెలో పెట్టి తాళం వెయ్యాలన్న చట్టమూ లేదు. పిల్లల చేతికి అందేట్టు వదిలితే మాత్రం నేరం. అయినా అల్లుడు తనంతట తనే ఫోన్ చేసి చెప్పాడు. ఆ మంచితనాన్ని ఇక్కడ చెప్పకపోతే నాది అన్యాయం అవుతుంది.

ఆ రాత్రి ముగ్గురం వంటింటి బల్ల దగ్గర కూర్చున్నాం.

"నా ఇంటి ముందు, నా కారులో, నా వస్తువు. తలుపు తీసింది వాడు, పట్టుకుపోయింది వాడు. ఇందులో నా తప్పేమిటి అత్తయ్యగారూ? పోగొట్టుకున్నవాణ్ణే దోషిని చేస్తే ఎలా?" అన్నాడు.

అమ్మాయి, "పోయినదేమిటో మీకు తెలుసు గనక" అంది. లేచి వెళ్ళిపోయింది.

నేనేమీ అనలేదు. అల్లుడి ముందు నోరు చేసుకోకూడదని కాదు. నాకు జవాబు తెలియలేదు. ఆయన అన్నదాంట్లో న్యాయం లేకపోలేదు. మెళ్ళో గొలుసు తెంపుకుపోతే, అంత గొలుసు వేసుకుని వీధిలోకి ఎవరు రమ్మన్నారని ఆడదాన్నే నిలదీసే లోకం మనది. ఆ మాట పడ్డవాళ్ళం మనం. దొంగ తప్పు దొంగదే. దాన్ని తీసుకొచ్చి పోగొట్టుకున్నవాళ్ళ నెత్తిన రుద్దడం నాకు చేతకాదు.

కానీ రెండు రాత్రులు నిద్రపట్టక ఆలోచిస్తే ఒకటి తోచింది. నా పట్టుచీర పోయిందనుకోండి, నష్టం ఆ రోజుతో అయిపోతుంది. ఏడుస్తాను, తిట్టుకుంటాను, దసరాకి మరోటి కొనుక్కుంటాను. తుపాకీ పోయిందనుకోండి, నష్టం ఆ రోజున మొదలవుతుంది. చీర ఎత్తుకుపోయినవాడు కట్టబెట్టేది ఎవరికో ఒకరికి ఆనందమే. తుపాకీ ఎత్తుకుపోయినవాడు దాన్ని దాచుకోడు, అమ్ముతాడు. కొన్నవాడు మరొకడికిస్తాడు. అది చివరికి ఎవరి ముందు తేలుతుందో వాళ్ళకి మా వాకిలీ తెలియదు, మా పేరంటమూ తెలియదు. చీర పోతే నష్టపోయేది నేను. ఇది పోతే నష్టపోయేది నేను కాదు. మరి తాళం ఎవరికోసం వేసినట్టు?

మా అమ్మాయి పాత వార్తలు తీసి చూపించింది. 2015 జూన్ 27న శాన్‌ఫ్రాన్సిస్కోలో, కేంద్ర ప్రభుత్వ భూముల శాఖలో రేంజరు ఒకాయన కారు రోడ్డు పక్కన ఆపి వెళ్ళాడు. లోపల సంచీలో తూటాలతో సహా పిస్తోలుంది. తిరిగొచ్చేసరికి అద్దం పగిలి ఉంది, సంచీ లేదు. నాలుగు రోజుల తర్వాత, జులై 1 సాయంత్రం, అదే ఊళ్ళో సముద్రం మీదికి కట్టిన రేవులో 32 ఏళ్ళ అమ్మాయి తండ్రితో కలిసి షికారుగా నడుస్తోంది. ఆ పిస్తోలు పేలింది. తూటా కాంక్రీటు నేలకి తగిలి, ఎగిరి, ఆ పిల్లకి తగిలింది. తండ్రి పక్కనుండగానే కూలిపోయింది. ప్రాణం దక్కలేదు.

అది చేతిలో ఉన్నవాడు, తనకది గుడ్డలో చుట్టి దొరికిందనీ, కావాలని పేల్చలేదనీ అన్నాడు. 2017 నవంబరులో జ్యూరీ అతను హంతకుడు కాదని తేల్చింది. తల్లిదండ్రులు ప్రభుత్వం మీద దావా వేశారు. 2021లో అప్పీలు కోర్టు, రేంజరు తుపాకీని అలా వదిలి వెళ్ళడానికీ ఈ చావుకీ మధ్య లంకె మరీ దూరమైనదని చెప్పి కింది కోర్టు కొట్టేసిన దావాని తిరిగి నిలబెట్టలేదు. కోర్టువారి కొలబద్ద వారిది, దానితో నాకు పేచీ లేదు. ఎక్కడో ఒకచోట గీత గియ్యకపోతే లోకం నడవదు. కానీ ఆ తండ్రికి ఆ దూరం ఎంతుంటుందంటారు? చేతిలో చెయ్యి ఉన్నంత దూరం.

అన్నట్టు, ఆ తర్వాత కాలిఫోర్నియా రాష్ట్రం 2017 జనవరి 1 నుంచి, కారులో పిస్తోలు వదిలి వెళ్ళేవాళ్ళు పోలీసులైనా సరే దాన్ని డిక్కీలోగాని, బయటికి కనపడకుండా తాళం వేసిన పెట్టెలోగాని పెట్టితీరాలని చట్టం చేసింది. కొలరాడో రాష్ట్రం 2025 జనవరి 1 నుంచి గట్టి పెట్టె, దానికి తాళం, కారుకీ తాళం అంది. ఊరికే అనలేదు. 2017 నుంచి 2021 దాకా ఐదేళ్ళలో ఆ దేశంలో మామూలు జనం దగ్గర్నుంచి దొంగతనంగా పోయినట్టు లెక్కకొచ్చిన తుపాకులు 10 లక్షలకు పైగా. నగరాల్లో పోయేవాటిలో చాలా వాటా కార్లలోంచే.

ఇది దొంగల సంగతి. దొంగే అక్కర్లేని సంగతి కూడా ఉంది. 2016 ఏప్రిల్లో మిల్వాకీ అనే ఊళ్ళో ఒక తల్లి కారు నడుపుకుంటూ పోతోంది. ఆమె సీటు కిందనుంచి పిస్తోలు వెనక్కి జారింది. వెనక కూర్చున్న రెండేళ్ళ పిల్లవాడి చేతికందింది. సీటులోంచి దూసుకొచ్చిన తూటా తల్లిని తీసుకుపోయింది. ఇది చదివాక, ఆ రోజు అర తెరిచినప్పుడు "వాడు చూస్తాడు" అన్న మా అమ్మాయి గొంతు నాకు మళ్ళీ వినిపించింది. ఆరేళ్ళవాడికి చూడ్డం ఎంతసేపు, తీసుకోవడం ఎంతసేపు?

ఇంతలో దసరా వచ్చింది. మనవాళ్ళంతా ఒకచోట చేరారు. జమ్మి పూజ చెయ్యాలంటే ఆ ఊళ్ళో జమ్మిచెట్టేదీ? ఎవరో పొలాలవైపు వెళ్ళి ముళ్ళకొమ్మ ఒకటి తెచ్చి కుండీలో పాతారు. మెస్కీట్ అంటారట, టెక్సాస్ నిండా అదే. మన సర్కారు తుమ్మకి దగ్గరి చుట్టం, జమ్మికీ ఆ వంశంలోనే వరస కలుస్తుంది. ఆకు చూస్తే నాకే జమ్మి అనిపించింది. దానికే పసుపు కుంకుమ పెట్టాం.

తిరిగి వస్తుంటే మనవడు కారులో అడిగాడు, చెట్టుకి దణ్ణమెందుకని. పాండవులు విరాటుడి కొలువులో చేరబోయే ముందు ఆయుధాలు జమ్మిచెట్టు మీద దాచిన కథ చెప్పాను. అజ్ఞాతవాసంలో గాండీవం చూసి ఎవరైనా గుర్తుపడతారన్నది అసలు కారణం, కాదనను. కానీ వాళ్ళు దాచిన పద్ధతి చూడండి. బయటపడేశారా? లేదు, కనపడకుండా చుట్టి కట్టారు. అందేచోట పెట్టారా? లేదు, శ్మశానం పక్కన చెట్టు చిటారున కట్టారు. ఎవరూ ముట్టకుండా అది శవమని చెప్పారు. ఒకరింట్లో బతకబోతున్నప్పుడు మన ఆయుధం వాళ్ళ గుమ్మంలోకి రాకూడదన్న ఎరుక అందులో ఉంది.

మా అమ్మమ్మ చెప్పే కథలో ఇంకోమాట ఉండేది. ధర్మరాజు ఆ చెట్టుకి దణ్ణం పెట్టి, "వీటిని నేనడిగితే ఇయ్యి, అర్జునుడడిగితే ఇయ్యి, భీముడికి మాత్రం చూపించకు" అన్నాడట.

"భీముడు మంచివాడే కదా అమ్మమ్మా?" అన్నాడు వాడు.

"మంచివాడే నాన్నా. కోపం వచ్చినప్పుడు కాదు."

స్టీరింగ్ ముందు కూర్చున్న అల్లుడు ఏమీ అనలేదు. వెళ్ళేటప్పుడు ఎవడో అడ్డంగా దూరి ముందుకు పోతే ఆయన అరిచిన అరుపు అందరం విన్నదే. స్టీరింగ్ పట్టుకుంటే ధర్మరాజు కూడా భీముడైపోతాడు, అది ఏ దేశంలోనైనా అంతే. అలాంటి చోట అర తెరిస్తే చేతికందేంత దూరంలో ఆయుధం ఉంచుకోవడమంటే, భీముడి పక్కనే జమ్మిచెట్టు పాతుకోవడం. తాళం దొంగకోసమే కాదు, మనలోని భీముడికోసం కూడా.

ఆయన మనసు మారి తుపాకీ అక్కర్లేదనుకున్నాడని రాస్తే కథ బాగుంటుంది. అలా జరగలేదు. దుకాణం ఇంకా ఉంది, రాత్రి పన్నెండూ ఇంకా ఉంది. అక్టోబరు చివర మరొకటి కొన్నాడు. అయితే ఈసారి ముందు పెట్టె కొని తర్వాత దాన్ని కొన్నాడు. ఉక్కు పెట్టె, మన పోపులపెట్టెకన్నా కాస్త పెద్దది. ఉక్కుతాడుతో సీటు కింది ఇనప చట్రానికి బిగించారు. అర తాళం తాళం కాదనీ, కారు తాళమున్నా అద్దం ఒక దెబ్బకి పోతుందనీ ఇప్పుడు ఆయనే అందరికీ చెబుతున్నాడు. పెట్టెలో పెట్టేది గమ్యం చేరాక పదిమంది చూస్తుండగా కాదు, బయల్దేరే ముందే. రాత్రి అది కారులో పడుకోదు. తూటాలు తీసి, ఇంట్లో ఇనప్పెట్టెలో ఒకచోట అదీ, వేరేచోట అవీ. సంఖ్య కాగితం మీద రాసి పెట్టుకున్నాడు. కారు దిగాక తలుపు పిడి మూడుసార్లు గుంజి చూస్తాడు. అమ్మాయి నవ్వుతూ, "నీ పోలికే అమ్మా" అంది. అల్లుడికి అత్తగారి పోలిక రావడం ఎక్కడైనా విన్నారా?

నేను నవంబరులో వచ్చేశాను. ప్రతి ఆదివారం అమ్మాయితో ఫోన్లో మాట్లాడతాను. మనవడి చదువు, కూరలు, మావారి మోకాలు అన్నీ అయ్యాక, చివర్న "ఏమైనా తెలిసిందా?" అంటాను. ఏమిటని అది అడగదు. "లేదమ్మా" అంటుంది. ఆ "లేదు" విని సంతోషించాలో, భయపడాలో నాకు ఇప్పటికీ తెలియదు. అది ఏ చెరువులోనో తుప్పు పట్టిపోయిందా? లేక ఎవరి నడుముకో ఉండి, ఏ తండ్రి పక్కనో నడుస్తున్న పిల్ల కోసం ఎదురుచూస్తోందా? కోర్టు అడిగితే ఆ దూరం చాలా ఎక్కువ. ఆ రాత్రి కారు పక్కనుంచే నడిచి ఇంట్లోకి వెళ్ళినదాన్ని నేను. నాకు అంత ఎక్కువ అనిపించదు.

అల్లుడి ప్రశ్నకి జవాబు ఇప్పుడు అడిగితే ఇలా చెబుతాను: దొంగతనం మీది కాదు బాబూ, కానీ తాళం మీది. దొంగ పాపం దొంగని అంటుకుంటుంది. వెయ్యని తాళం మనకే మిగులుతుంది.

మీ పిల్లలూ అక్కడెక్కడైనా ఉంటే, మీరు వెళ్ళి అరలు వెతకమని నేను చెప్పను. ఫోన్లో "అన్నం తిన్నావా?" అని ఎలాగూ అడుగుతాం. ఇంట్లో అలాంటిది ఉందని తెలిస్తే, "తాళం వేశావా?" అని కూడా అదే గొంతుతో అడగండి. చాదస్తం అనుకుంటారు. అనుకోనివ్వండి.

మొన్న పెళ్ళికి బయల్దేరుతూ వీధి తలుపు తాళం గుంజుతున్నాను. ఒకటి, రెండు, మూడు. మావారు ఎప్పటిలా ఏదో అనబోయి ఊరుకున్నారు. సందు చివర ఆటో పక్కన నిలబడి, "వెనక్కి వెళ్ళి చూసొస్తావా? ఇంకా టైముంది" అన్నారు.